కప్పం కడదామన్న పిల్ల

మేం ముగ్గురం నాచారంలో ఒకే గదిలో ఉంటాం. ఇద్దరం ములుగు జిల్లా కోయవాళ్లం, ఒకరు మహబూబాబాద్ వైపు తండా నుంచి వచ్చిన లంబాడా. ఒకరికి ఇండస్ట్రియల్ ఏరియాలో ప్యాకింగ్ పని, ఒకరికి ఉప్పల్‌లో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఇంకొకరు బీఈడీ చదువుతూ సాయంత్రాలు ట్యూషన్లు చెబుతారు. షిఫ్టులు కలవవు కాబట్టి ముగ్గురం మెలకువగా ఒకచోట కూర్చునేది ఆదివారం మధ్యాహ్నమే. రెండేళ్లుగా ఆ ఆదివారాలన్నీ ఒక్క పనికే పోయాయి. సమ్మక్క సారలమ్మ కథని ఫోనులో పిల్లలు ఆడుకుంటూ వినేలా చెయ్యాలని మొదలుపెట్టాం. తేలికనుకున్నాం. ఎక్కడ చిక్కుపడ్డామో, ఎంతవరకు విప్పుకున్నామో చెబుతాం. మనలో ఇంకొందరు తమ కథలతో ఇదే పని చేస్తారని మా ఆశ.

2024 ఫిబ్రవరి జాతర నుంచి తిరిగొచ్చాక మొదలైంది ఇది. మా గూడెం పిల్లలు జాతరలో కూడా ఫోను వదల్లేదు. తిట్టి లాభం లేదు, మేమూ అదే వయసులో ఉంటే అదే చేసేవాళ్లం. వాళ్ల చేతిలో ఉన్న ఆ ఫోనులో మన కథ ఎందుకు లేదన్నది మా ప్రశ్న. ఉన్నా, వీడియోగా ఉంది. వీడియోని పిల్లలు వేలితో ముందుకు తోసేస్తారు. ఆటలో మాత్రం తోసెయ్యరు, ఎందుకంటే అక్కడ వాళ్లకి చెయ్యడానికి పనుంటుంది.

చిన్నప్పుడు కథ వింటూ మాకూ పని ఉండేది. తాత కథ చెబుతుంటే ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది. మధ్యలో 'ఆ ఏరు ఎక్కడిది తాతా' అని అడిగితే కథ పక్కకి తిరిగి ఆ ఏటి దగ్గరికి వెళ్లి, మళ్లీ దారిలోకి వచ్చేది. డోలీలు పడిగె విప్పి, ఆ మూడు మూలల గుడ్డ మీది బొమ్మలు చూపిస్తూ వంశాల కథ పాడేటప్పుడూ అంతే. కూర్చున్నవాళ్లు ఏ ఇంటివాళ్లో చూసి ఆ ఇంటిపేరు దగ్గర పాట కాసేపు నిలబడుతుంది. వినేవాళ్లని బట్టి కథ కదులుతుంది, కానీ చెదిరిపోదు. 2022లో పద్మశ్రీ అందుకున్న మణుగూరు వైపు డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారి పాట విన్నవాళ్లకి ఇది కొత్త కాదు. ఫోనులో కథ అంటే ఇదంతా పోతుందని పెద్దలు అంటారు. మాకేమో వీడియోలో పోయింది ఆటలో తిరిగి రావచ్చేమో అనిపించింది.

ట్వైన్ అని ఒక సాధనం ఉంది. క్రిస్ క్లిమాస్ అనే ఆయన 2009లో తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. అందులో కోడింగ్ పెద్దగా అక్కర్లేదు. గోడ మీద చీటీలు అంటించి దారాలు కట్టినట్టు ఉంటుంది: ఒక్కో చీటీలో కథలో కొంత ముక్క, దాని కింద రెండో మూడో దారులు, ఏ దారి నొక్కితే ఆ చీటీ తెరుచుకుంటుంది. చివరికి అంతా ఒకే ఫైలుగా వస్తుంది. నెట్ లేకపోయినా ఫోను బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. తెలుగులో రాసుకోవచ్చు. సిగ్నల్ కోసం చెట్టెక్కే ఊళ్లకి ఇంతకంటే ఏం కావాలి? మా టెస్టింగ్ మిత్రుడు రెండు గంటల్లో నేర్చుకున్నాడు.

మొదటి తప్పు లెక్కలో చేశాం. ప్రతి చీటీకి రెండు దారులు పెడదాం, పది సార్లు ఎంచుకునే అవకాశం ఇద్దాం అనుకున్నాం. పది చిన్న అంకెలా కనిపిస్తుంది. మొదట ఒకటి, తర్వాత రెండు, నాలుగు, ఎనిమిది... పదో ఎంపిక దాటేసరికి 1,024 ముగింపులు. మొత్తం చీటీలు 2,047. చీటీకి ఐదు వాక్యాలన్నా పదివేల వాక్యాల పైమాట. ఒక పిల్ల ఒకసారి ఆడితే అందులో పదకొండు చీటీలే చూస్తుంది. మిగతా రెండు వేల పైచిలుకు ఎవరి కోసం? 1979లో అమెరికాలో ఎడ్వర్డ్ ప్యాకర్డ్ రాసిన 'కేవ్ ఆఫ్ టైమ్' పుస్తకం ఈ తరహాకి పేరు తెచ్చింది. 'ఇది చేస్తే ఫలానా పేజీకి వెళ్లు' అంటూ సాగుతుంది, డజన్ల కొద్దీ ముగింపులు. అందులో దారులు విడిపోతూనే ఉంటాయి, కలిసేది అరుదు. అందుకే ఒక్కో దారి నాలుగడుగులకే తెగిపోతుంది. గుహలో తప్పిపోయిన కుర్రాడికి అది సరిపోతుంది. ఒక జాతి కథకి సరిపోదు.

అప్పుడు మాకు దారి చూపింది అడవి దారులే. ఒక గూడెం నుంచి ఇంకో గూడేనికి పది బాటలుంటాయి. ఇప్పపూల కాలంలో ఒక బాట, వానల్లో ఒక బాట. కానీ వాగు దాటాలంటే అందరూ రేవు దగ్గరికే రావాలి. రేవు దాటాక మళ్లీ ఎవరి బాట వాళ్లది. సరే, కథలో రేవులు ఎక్కడో ముందు గుర్తుపెట్టుకుందాం అనుకున్నాం. కరువు ఒక రేవు. కాకతీయుల తరఫున కప్పం అడగడం ఒక రేవు. యుద్ధం ఒకటి. జంపన్న ఒరిగిన సంపెంగ వాగు ఒకటి. సమ్మక్క చిలుకలగుట్ట వైపు నడిచిపోవడం ఒకటి. ఈ ఐదింటి మధ్యలో బాటలు ఎన్నైనా ఉండనీ, ఐదు చోట్లా అందరూ కలవాలి. అలా చేస్తే మా రెండు వేల చీటీలు ఎనభై ఆరుకి దిగాయి.

ఉప్పల్ రింగురోడ్డు దగ్గర 2023 జూన్‌లో తెరిచిన స్కైవాక్ ఎక్కినవాళ్లకి ఈ సంగతి ఇంకా సులభంగా అర్థమవుతుంది. వరంగల్ బస్సుల వైపు ఎక్కొచ్చు, మెట్రో స్టేషన్ వైపు ఎక్కొచ్చు, రామంతాపూర్ వైపు ఎక్కొచ్చు. ఆరు చోట్ల ఎక్కనూ దిగనూ వీలుంది. పైకి వచ్చాక మాత్రం అందరూ ఒకే చుట్టు మీద నడుస్తారు. మేం ఈ వంతెన మీద నిలబడి కింద ట్రాఫిక్ చూస్తూ చాలా చీటీలు రాసుకున్నాం. గదిలో ఉక్క ఎక్కువ, అదీ ఒక కారణం.

రెండో తప్పు లెక్కలోది కాదు. దాని గురించే ఈ వ్యాసం.

ఏజెన్సీలో ఒక ఆశ్రమ పాఠశాలకి మా మొదటి రూపాన్ని తీసుకెళ్లాం. అందులో కప్పం అడిగే రేవు దగ్గర రెండు మీటలు పెట్టాం: 'కప్పం కట్టం', 'కప్పం కడదాం'. రెండోది నొక్కితే సైన్యం వెనక్కి పోతుంది, ఊరు బతుకుతుంది, 'కథ ముగిసింది' అని వస్తుంది. పిల్లలు ఎలాగూ కట్టమనే నొక్కుతారు, రెండోది ఊరికే పేరుకి ఉంటుందనుకున్నాం. ఆరో తరగతి పిల్ల ఒకతె ఫోను తీసుకుని, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా 'కడదాం' నొక్కింది. సైన్యం వెళ్లిపోయింది. చుట్టూ ఉన్న పిల్లలు చప్పట్లు కొట్టారు. 'గెలిచాం అన్నా' అని ఫోను తిరిగి ఇచ్చింది.

ఎందుకు కట్టావని అడిగాం. వాళ్ల నాన్న అప్పు కట్టకపోతే ఇద్దరు మనుషులు బండి మీద ఇంటికి వచ్చి అరిచారట. మేకని అమ్మి కట్టేస్తే వెళ్లిపోయారట. 'కడితే పోతారు కదన్నా' అంది. మా దగ్గర జవాబు లేదు. ఆ పిల్ల ఆలోచించి ఎంచుకుంది. మేమే ఆలోచించకుండా రాశాం.

పాట పాడే తాత కూడా ఆ రోజు మాతోనే ఉన్నాడు. ఆయన గొంతు రికార్డు చేసింది మేమే. అప్పటిదాకా ఆయన ఏమీ అనలేదు. పిల్లలు అన్నాలకి వెళ్లాక, 'మరి గద్దెల మీద ఎవరున్నారు బిడ్డా?' అన్నాడు. అంతే. కప్పం కడితే యుద్ధం లేదు. యుద్ధం లేకపోతే వాగుకి జంపన్న పేరు లేదు, గుట్ట మీద ఆమె లేదు, రెండేళ్లకొకసారి లక్షల మంది వచ్చే జాతర లేదు. ఒక చిన్న మీటతో మేం ఆరేడు వందల ఏళ్ల జ్ఞాపకాన్ని తుడిచేసి, దాన్ని గెలుపు అని పిలిచాం.

తిరిగి నాచారం వచ్చాక ఆ మీట తీసేశాం. ఇప్పుడు ఏది నొక్కినా యుద్ధానికే వెళ్తుంది. 'కట్టం' నొక్కినా యుద్ధం, 'ఆలోచిద్దాం' నొక్కినా యుద్ధం. కథ కాపాడామనుకున్నాం. ఈ రూపాన్ని ట్యూషన్ పిల్లలకి చూపిస్తే రెండోసారి ఆడిన ఒకడు, 'ఏది నొక్కినా అదే వస్తంది సార్, మరి నన్నెందుకు అడుగుడు?' అన్నాడు. వాడన్నది నిజం. అడిగి వినకపోవడం అడగకపోవడం కంటే చెడ్డ మర్యాద. మన ఊళ్లలో గ్రామసభ పెట్టి, సంతకాలు తీసుకుని, ముందే రాసుకున్న కాగితం చదివినవాళ్లని చూశాం కదా. మేమూ పిల్లల మీద అదే పని చేశాం.

ఈ చిక్కు మా ఒక్కరిదే కాదు. ఆటలు కట్టే పెద్ద పెద్ద కంపెనీలూ ఇక్కడే తంటాలు పడతాయి. ఆడేవాళ్లకి స్వేచ్ఛ ఎక్కువిస్తే కథ వదులైపోతుంది, కథ గట్టిగా పట్టుకుంటే ఆట ఉత్త బొమ్మవుతుంది. మాకు ఎక్కువ పనికొచ్చింది మాత్రం అలాస్కా ఆదివాసుల ఆట. ఇన్యూపియాట్ ప్రజలతో కలిసి 2014లో చేసిన దాని పేరు 'నెవర్ అలోన్'. ఆగని మంచు తుఫాను ఎక్కడ పుడుతోందో వెతుక్కుంటూ ఒక పిల్ల, ఆమె వెంట ఒక తెల్ల నక్క బయల్దేరతాయి. కథ ముగింపు మారదు. ఆడేవాళ్ల పనంతా దారిలో: ఎక్కడ దూకాలి, గాలి తోసేటప్పుడు ఎక్కడ ఒంగి నిలబడాలి, నక్క ఎప్పుడు సాయం రావాలి. కథ చెప్పే గొంతు వాళ్ల సొంత భాషలోనే ఉంటుంది, కింద ఇంగ్లీషు అక్షరాలు. మధ్యమధ్య పెద్దవాళ్లు తమ బతుకు గురించి చెప్పే చిన్న వీడియోలు తెరుచుకుంటాయి.

ఆ ఆట గురించి మమ్మల్ని ఆపిన విషయం ఇంకొకటుంది. పాత కథలో బయల్దేరింది పిల్లవాడు. ఆటలో పిల్ల అయింది. మార్చారు! కానీ ఆ కథని చెప్పిన రాబర్ట్ నాస్రుక్ క్లీవ్‌లాండ్ కూతురు మిన్నీ గ్రే దగ్గరికి వెళ్లి, ఆమె ఒప్పుకున్నాకే పని చేశారు. అంటే కథలో ఏదీ ముట్టుకోకూడదని కాదు. ముట్టుకునే ముందు ఎవరిని అడగాలో తెలియాలి. మేం ఎవరినీ అడగలేదు. మా లంబాడా మిత్రుడు మొదట్నుంచీ 'మీ తాతని ముందే కూచోబెట్టండి' అంటూనే ఉన్నాడు. తన కథ కాదు కాబట్టి అతనికి కనిపించింది, మా కథ కాబట్టి మాకు తెలుసులే అనుకున్నాం.

తాత దగ్గరికి వెళ్లాం. ఒక రాత్రంతా కూర్చున్నాం. ముందుగా మీట తీసేసిన సంగతి చెప్పాం. ఆయనకి అదీ నచ్చలేదు. 'ఆ పిల్ల అడిగింది తప్పా? కడదామని అప్పుడు కూడా ఎవరో ఒకరు అనే ఉంటారు. కట్టడానికి ఏముందో చూపించండి' అన్నాడు.

అక్కడే దారి దొరికింది. 'కప్పం కడదాం' మీట మళ్లీ పెట్టాం. అది నొక్కితే ఇప్పుడు గాదె తలుపు తెరుచుకుంటుంది. లోపల ఏమీ లేదు. అడుగున దుమ్ము, ఒక మూల ఎలుక కొరికిన తట్ట. పిల్ల చేత్తో గాదె గోడ తడిమితే మట్టి రాలుతుంది. బయటికొస్తే ఒక అవ్వ అడవి దుంపలు ఉడకబెడుతూ కనిపిస్తుంది, 'ఇవి పట్టుకుపోతారా వాళ్లు?' అంటుంది. అక్కణ్నుంచి బాట కప్పం రేవుకే తిరిగి వస్తుంది. కాదన్నది ఇక మేం కాదు, ఫోనూ కాదు, కరువు. ఆడేవాళ్లు ఎంచుకున్నదాన్ని కథ వింటుంది, కథే జవాబు చెబుతుంది. ఆ జవాబు తర్వాత 'కట్టం' అన్న మాటకి బరువు వచ్చింది. మొదట్లో అది సినిమా డైలాగులా ఉండేది. నాచారంలోనే ఎన్టీఆర్ వాళ్ల రామకృష్ణ స్టూడియో ఉంది, ఆ గాలి మాకూ తగిలిందేమో!

తాత చెప్పిన రెండో మాట ఇంకా పెద్దది. పిల్లలు కథలో ఎవరుగా ఉండాలన్నది మాకు తేలలేదు. మొదటి రూపంలో సారలమ్మగా ఆడొచ్చని పెట్టాం. ఆ తల్లిని వేలితో అటూ ఇటూ తిప్పడం మాకే ఇబ్బందిగా ఉండేది, పైకి చెప్పుకోలేదు. తాత అన్నాడు: 'యుద్ధానికి ముందు రాత్రి గూడేలకి కబురు మోసినవాళ్లుంటారు. వాళ్ల పేర్లు పాటలో లేవు. పేరు లేనివాణ్ని మీ ఇష్టం వచ్చినట్టు నడిపించుకోండి. పేరున్నవాళ్లని కదిలించొద్దు.'

ఇప్పుడు ఆడే పిల్ల కబురు మోసే పిల్ల. తెల్లారేలోగా ఐదు గూడేలకి కబురు అందాలి. ఒక్కరే మూడింటికి మించి వెళ్లలేరు. ఏ మూడు? ఒకచోట విల్లంబులు చేసేవాళ్లున్నారు, ఒకచోట పసిపిల్లల తల్లులు, ఒకచోట మందులు తెలిసిన ముసలాయన, ఒకచోట కప్పం కట్టి బతుకుదామనే పెద్దమనిషి, ఒకచోట పశువులు కాసే పిల్లలు. ఏ మూడింటికి వెళ్లినా యుద్ధం జరుగుతుంది, వాగు ఎర్రబడుతుంది, ఆమె గుట్ట వైపు నడుస్తుంది. కానీ వాగు దగ్గర నీ పక్కన ఎవరు నిలబడ్డారన్నది మారుతుంది. నువ్వు వెళ్లని గూడెం వాళ్లు పొద్దున ఏం తెలియకుండా పొయ్యి వెలిగిస్తుండగా పొగ కనిపిస్తుంది. ఇది రాసిన రోజు మాకే నిద్ర పట్టలేదు.

రెండోసారి ఆడేటప్పుడు పిల్లలు మిగతా రెండు గూడేలకి వెళ్తారు. ముగింపు మార్చడానికి కాదు, వదిలేసినవాళ్లని చూడటానికి.

జాతర గురించి ఆలోచిస్తే ఇందులో మేం కనిపెట్టిందేమీ లేదు. మొదటి రోజు కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకి వస్తుంది. పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు వస్తారు. రెండో రోజు చిలుకలగుట్ట నుంచి సమ్మక్క. నాలుగో రోజు వనప్రవేశం. ఈ వరసని ఎవరూ మార్చరు. అదే సమయంలో ఉప్పల్‌లో బస్సెక్కినవాళ్లు, ఛత్తీస్‌గఢ్ నుంచి, మహారాష్ట్ర నుంచి వచ్చినవాళ్లు ఎవరి దారిన వాళ్లు వస్తారు. ఒకరు జంపన్న వాగులో మునిగి వస్తారు, ఒకరు నిలువెత్తు బంగారం తూచి బెల్లం ఇస్తారు, ఒకరు ఎదురుకోడి ఎగరేస్తారు. ఎవరి మొక్కు వాళ్లది.

సార్లకి, టీచరమ్మలకి ఒక మాట. ఇది చెయ్యడానికి కంప్యూటర్ అక్కర్లేదు. మా ఎనభై ఆరు చీటీలూ మొదట పాత నోటుబుక్కు కాగితాలే, గది గోడకి అంటించాం. ఇంటి ఓనరమ్మ సున్నం ఊడుతుందని గొడవ చేస్తే నేల మీద పరిచాం. మీ ఊరి కథ ఒకటి తీసుకుని, మారకూడని రేవులు ఏవో పిల్లల చేతే పెద్దల్ని అడిగించండి. ఒక గూడెంలో చెప్పింది ఇంకో గూడెంలో ఉండదు. పుస్తకాల్లో ఉన్నది డోలీల పాటలో ఉండదు, ఎవరు ఎవరికి ఏమవుతారన్న దగ్గరే తేడాలుంటాయి. దాన్ని గొడవ అనుకోకండి, అక్కడ రెండు బాటలు పెట్టండి, ఏ బాట ఎవరు చెప్పారో రాయండి. మేం అలాంటి రెండు చోట్ల 'మా తాత ఇలా పాడతాడు' అని మాత్రమే రాశాం. పక్క గూడెం వాళ్లు వాళ్ల గొంతు ఇస్తే కలుపుతాం. కథ తాత గొంతులో కోయ భాషలోనే నడుస్తుంది, కింద తెలుగు అక్షరాలు. భాష తెలిసిన పిల్లలు అక్షరాలు చూడరు. తెలియనివాళ్లు మొదట చూసి, తర్వాత కొన్ని మాటలు పలుకుతున్నారు. మా లంబాడా మిత్రుడు ఇప్పుడు కోయలో మంచినీళ్లు అడుగుతాడు. అతని తండా కథ తర్వాతిది.

సరిగ్గా కుదరనివీ ఉన్నాయి. యుద్ధం చీటీల్లో ఎంచుకోవడానికి ఏమీ లేదు, పన్నెండు చీటీలు వరసగా 'ముందుకు' నొక్కడమే. అక్కడ పిల్లలు చదవకుండా గబగబా నొక్కేస్తున్నారు. ఊ కొట్టడం లాంటిది ఏదైనా పెట్టాలని ఉంది: తెర మీద వేలు ఆనించి ఉంచినంతసేపే గొంతు వినిపించడం, వేలు తీస్తే పాట ఆగడం. ఒక పాత ఫోనులో పనిచేసింది, రెండింటిలో చెయ్యలేదు.

2026 జనవరి జాతరకి వారం ముందు, ఉప్పల్‌లో బస్సుల దగ్గర నిలబడి కొత్త ఫైలుని ఆ పాఠశాల సార్‌కి పంపాం. పనుల వల్ల మాలో ఇద్దరికి సెలవు దొరకలేదు, ఒకరే బస్సెక్కారు. జాతర అయ్యాక సార్ ఫోను చేశారు. ఆ పిల్ల ఇప్పుడు ఏడో తరగతి. మళ్లీ 'కప్పం కడదాం' నొక్కిందట. గాదె ఖాళీగా ఉండటం చూసి కాసేపు ఏమీ అనలేదట. తర్వాత వెనక్కి వచ్చి, పక్కింటి గాదె ఎలా తెరవాలని అడిగిందట.

పక్కింటి గాదె మేం రాయలేదు. ఈ ఆదివారం రాయాలి.